గ్రీకు మాట వెంట పాలమూరు నడక

మా తెనాలిలో గద్వాల అంటే చీర. ఆ పేరుతో ఒక ఊరు ఉందని, అక్కడికి రైలు వెళ్తుందని చెబితే మా పక్కింటావిడ నమ్మలేదు. తిరిగొచ్చాక కూడా ఆవిడ మొదట అడిగింది చీరల గురించే. నేను వెళ్లింది చీర కోసం కాదు, ఒక మాట కోసం.

ఆడపిల్లల కాలేజీలో తత్వశాస్త్రం చెబుతాను. డిగ్రీ పాఠ్యపుస్తకానికి ‘ఎథిక్స్’ మీద ఒక అధ్యాయం తెలుగులో రాయమన్నారు. ఆ మాట గ్రీకులో ఎక్కడ పుట్టింది, ఎందుకలా పుట్టింది అన్న దగ్గరే కలం ఆగిపోయింది. పుస్తకాల్లో ఉన్నది తెలుసు, దాన్ని తెలుగులో చెప్పడమే రావడం లేదు. అప్పుడే ఎమ్మే రోజుల్లో నాతో ఒకే యూనివర్సిటీలో చదివిన యాదయ్య వనపర్తి నుంచి ఫోన్ చేశాడు. అక్కడ డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాడు. తన పిల్లలకు ఈ విషయం మీద ఒక గంట మాట్లాడమని, నాగర్‌కర్నూల్‌లో తన మిత్రుడి కాలేజీలోనూ అదే చెప్పమని అడిగాడు. రాయలేనిది నోటితో చెబితే దారికి వస్తుందేమోనని బయల్దేరాను.

గద్వాల

మాఘమాసం. రైలు దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. వానలు లేని ఏడాదులు వరసగా వచ్చాయని చేలను చూస్తేనే తెలుస్తోంది. మా వైపు ఈ నెలలో కాలవ గట్ల మీద నడిస్తే చెప్పులకు తడి అంటుతుంది. ఇక్కడ ధూళి అంటింది.

లాడ్జి ఆయన నా పని విని, కోట దగ్గర ఒక ముసలి పండితుడు ఉన్నాడని, ఆయన్ను చూడకుండా వెళ్లొద్దని పట్టుబట్టాడు. పేరు శేషాచార్యులు. ఆయన ఇంటికి వెళ్లాను. సంస్థానం రోజుల్లో మాఘమాసంలో పండితసభలు జరిగేవని, దేశం నలుమూలల నుంచి కవులు వచ్చేవారని, తన తాతగారు ఆ సభల్లో కూర్చున్నారని చెప్పారాయన. తాతగారి గొప్ప చెబుతున్నప్పుడు కూడా ఆయన గొంతులో అతిశయం లేదు. ఇంటి మనిషి ఊరెళ్లాడని చెప్పినంత మామూలుగా చెప్పారు.

నేను నా కష్టం చెప్పాను. గ్రీకులో రెండు మాటలున్నాయి: హ్రస్వంతో ‘ఎథోస్’, దీర్ఘంతో ‘ఏథోస్’. మొదటిది అలవాటు. రెండోది శీలం, స్వభావం. ఎథిక్స్ అన్న మాట ఈ రెండోదాని నుంచి వచ్చింది. అలవాటు అన్న మాటను కొంచెం సాగదీస్తేనే శీలం అన్న మాట వచ్చిందని వాళ్ల తత్వవేత్త ఒకాయన రాశాడు. ఆచార్యులవారు కళ్లు మూసుకుని రెండు మాటలనూ రెండుసార్లు పలికి చూసుకున్నారు.

“తెలుగుదానివి గనక బతికిపోయినవమ్మా,” అన్నారు. “సంస్కృతానికి కురుచ ఎకారం లేదు. ఇంగ్లీషువాళ్లు రెంటికీ ఒకటే అక్షరం రాస్తరు. మన పిల్లలకు ఎ, ఏ అని బోర్డు మీద రాస్తె సాలు.”

ఇన్నేళ్లుగా ఇంగ్లీషు పుస్తకాల్లో ఆ మాటను చూస్తున్నా ఈ సంగతి నాకు తట్టలేదు. సంతోషం పట్టలేక మిగతాది కూడా చెప్పేశాను. దీర్ఘం ఉన్న ఏథోస్‌కు అన్నిటికన్నా పాత అర్థం శీలం కాదు. ఆ భాషలోని తొలి కావ్యాల్లో దానికి జంతువులు రోజూ చేరే చోటు అని అర్థం. కట్టు తెంచుకున్న గుర్రం పరుగెత్తిపోయేది తన ఏథోస్‌కే. చోటు అలవాటైంది, అలవాటు శీలమైంది.

 ఆయన మన ‘నీతి’ మాట చూడమన్నారు. దాని ధాతువుకు తీసుకుపోవడం, నడిపించడం అని అర్థమట. నాయకుడిలో ఉన్నదీ, నేత్రంలో ఉన్నదీ అదే. వాళ్ల మాట ఉండే చోట పుడితే మన మాట నడిచే దారిలో పుట్టిందన్నారు. ఏది గొప్పదని అడిగాను. మాటలకు గొప్ప ఉండదని, మోసేవాళ్లకే ఉంటుందని నవ్వారు. వాళ్ల కోడలు అటుకుల్లో పల్లీలు వేయించి కలిపి పెట్టింది. అంత తీపి ఉన్న పల్లీలు నేను మా ఊళ్లో తినలేదు.

వనపర్తి

కృష్ణ దాటి పెబ్బేరు మీదుగా వనపర్తి చేరాను. నదిలో నీళ్లకంటే బండలే ఎక్కువగా కనబడ్డాయి. బస్సులో నా పక్కన కూర్చున్నావిడ కొడుకూ కోడలూ బొంబాయిలో కూలికి పోయారని, పిల్లలు తన దగ్గరే ఉన్నారని చెప్పింది. వెనక సీట్లో పూన మాట, ముందు సీట్లో బొంబాయి మాట. మా వైపు బస్సుల్లో ధాన్యం ధరలు వినబడతాయి. ఇక్కడ ఎవరు ఏ ఊరికి పోయారన్నదే కబురు.

యాదయ్య భార్య జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టింది. మేం గోంగూర అనేదే పుంటికూర. రొట్టెను రెండు అరచేతుల మధ్య చప్పట్లు కొట్టినట్టు కొట్టి పల్చగా చేస్తుంటే అన్నం మాట మరిచిపోయి ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. నేను ప్రయత్నిస్తే అది మూడు ముక్కలై నా చీర మీద పడింది.

మర్నాడు కాలేజీలో మాట్లాడాను. పిల్లలు శ్రద్ధగా విన్నారు, రాసుకున్నారు. ఎ, ఏ బోర్డు మీద రాసినప్పుడు నవ్వారు. కానీ నా మాట వాళ్లను తాకలేదని నాకు తెలిసిపోయింది. గుర్రాలూ గ్రీకులూ ఎక్కడో దూరాన ఉండిపోయారు. ‘జంతువు రోజూ చేరే చోటు’ అని అంత పొడుగ్గా చెప్పాల్సి రావడమూ నచ్చలేదు. యాదయ్య బాగుందన్నాడు గాని అతనూ ఏదో వెతుక్కుంటున్నట్టే ఉన్నాడు.

ఆ మర్నాటి పొద్దున పళ్లు తోముకుంటుండగా వాకిట్లోకి ఒక ఎద్దు వచ్చింది. ఎర్రగా, ఎత్తుగా, ఎముకలు బయటపడి ఉంది. దాని పగ్గం పట్టుకుని ముప్పై అయిదేళ్ల మనిషి. యాదయ్య చెల్లెలు సాయమ్మ. పెద్దమందడి దగ్గరి పల్లె నుంచి చీకటితోనే నడిచి వచ్చింది.

విషయం యాదయ్య చెప్పాడు. సాయమ్మకు రెండెద్దులు ఉండేవి. ఒకటి జబ్బు చేసి పోయింది. బోరు ఎండిపోయింది. భర్త పూనలో కట్టుబడి పనికి పోయాడు. ఉన్న ఒక్క ఎద్దుకూ మేత లేక బిజినేపల్లి పక్క పల్లెలో చెన్నయ్య అనే రైతుకు అమ్మింది. ఆయన బావిలో నీళ్లున్నాయి, ఆయనకూ ఒంటెద్దే మిగిలింది. అమ్మి పదిహేను రోజులైనా కాలేదు, ఎద్దు కట్టు తెంచుకుని ఆ దూరమంతా నడిచి నిన్న పొద్దున సాయమ్మ కొట్టంలో నిలబడింది. ఆమె దాన్ని మళ్లీ ఇచ్చిరావడానికి పోతోంది.

“పాత కొట్టం మరిగిన ఎద్దు,” అన్నాడు యాదయ్య. అని ఆగి నావైపు చూశాడు. “మేడం, మీ గుర్రం మాట దొరికింది. మరుగు.”

నిజమే. చోటు మరగడం, మనిషిని మరగడం. మా అమ్మమ్మ కూడా వాడిన మాటే. చోటూ అలవాటూ రెండూ అందులోనే ఉన్నాయి. నేను ఆ రోజు నాగర్‌కర్నూల్ పోవాల్సింది. దారి బిజినేపల్లి మీదుగానే. బస్సు వద్దని, సాయమ్మతో నడుస్తానని చెప్పాను. యాదయ్య నా చెప్పులవైపు అనుమానంగా చూశాడు.

బిజినేపల్లి దారి

ఆ అనుమానం నిజమైంది. ఊరు దాటిన కాసేపటికే నా చెప్పు తెగింది. సాయమ్మ నవ్వకుండా ఒక నార తాడుతో కట్టి ఇచ్చింది. ఆమె ఎద్దును ‘ఎర్రోడు’ అని పిలుస్తుంది. గట్టిగా లాగదు. పక్కన నడుస్తూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటుంది, అది చెవులు ఆడిస్తూ వింటుంది.

పల్లి పీకుతున్న ఆడవాళ్లు మమ్మల్ని ఆపి చెరో దోసెడు కాయలు పోశారు. ఎక్కడికని అడిగారు. సాయమ్మ చెప్పింది. అమ్మిన ఎద్దు వస్తే తిరిగి ఇవ్వడానికి పోతోందని విని ఒకావిడ మెచ్చుకుంది, ఇంకొకావిడ ఎద్దు మెడ నిమిరి అయ్యో పాపం అంది. రెండింటికీ సాయమ్మ తల ఊపింది.

నడుస్తూ ఆమె నాకు ఇంకో సంగతి చెప్పింది. నిన్న సాయంత్రం ఊళ్లోకి పశువుల బేరగాడు వచ్చాడట. ఎద్దు దానంతటదే వచ్చింది కదా, నోరు మూసుకుంటే చాలు, రాయచూరు వైపు అంగడికి తోలుకుపోతానన్నాడట. చెన్నయ్య ఎద్దు తప్పిపోయిందనుకుంటాడు, నీకు రెండోసారి డబ్బు వస్తుంది అన్నాడు. వాణ్ని వాకిట్లోంచి పొమ్మన్నానని, ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదని చెప్పింది. డబ్బు మాటకు కాదు. ఎద్దు వచ్చి నిలబడిన తీరుకు.

మధ్యాహ్నానికి ఎండ ముదిరింది. ఒక మలుపు దగ్గర ఎర్రోడు ఆగిపోయాడు. తర్వాత దారి మధ్యలో పడుకున్నాడు. సాయమ్మ పిలిచింది, నిమిరింది, నీళ్లు తాగించింది. లేవలేదు. మెడ వెనక్కి తిప్పి మేం వచ్చిన దారికేసి చూస్తున్నాడు. ఒక లారీవాడు తిట్టుకుంటూ పక్కనుంచి పోయాడు. సాయమ్మ పగ్గం వదిలేసి దాని పక్కనే నేల మీద కూర్చుంది.

“అక్కా, నువ్వు పిల్లలకు న్యాయం సంగతే చెప్తవంట గద. మా అన్న చెప్పిండు,” అంది. “చెప్పు మరి. ఇది నన్ను నమ్ముకోని ఒచ్చింది. మల్ల తోల్కవోయి ఇడ్సిపెడ్తున్న. గిది న్యాయమేనా?”

ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన దాన్ని. అంత నేరుగా నన్నెవరూ అడగలేదు. తెలియదన్నాను. తెలిసినంత మటుకు చెబుతానన్నాను. గ్రీకుల మాట చెప్పాను. మొదట అది పశువు మరిగిన చోటు, తర్వాత మనిషి అలవాటు, ఆ తర్వాత మనిషి గుణం. మొదటి అర్థం ప్రకారం ఎర్రోడు చేసింది సరైనదే, తన చోటికి తాను వచ్చాడు. చివరి అర్థం ప్రకారం నువ్వు చేస్తున్నదీ సరైనదే. గద్వాల పండితుడు చెప్పింది కూడా చెప్పాను, మన నీతి అన్న మాటలో నడిపించడం ఉందని.

ఆమె ఎద్దు గంగడోలు నిమిరింది.

“అంటె దానిది తప్పు లేదు.”

“లేదు.”

“నాదీ లేదు.”

“లేదు.”

“మరి ఎవలది?”

నేను ఎండిన చేలకేసి చూశాను. “వానది,” అని సాయమ్మే అనుకుని, కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత చెప్పింది: “అమ్మిననాడు నా చేతులతోని పగ్గం ఆయన చేతుల పెట్టిన. గప్పుడు నన్నెవ్వలు బలవంతం చెయ్యలె.”

సద్ది మూట విప్పి రొట్టె తుంచి ఎద్దు నోటికి అందించింది. అది తిన్నది. రెండో ముక్క కొంచెం దూరంగా పట్టుకుంది. మూడో ముక్కకు ఎర్రోడు లేచాడు. మా ఇద్దరి రొట్టెలూ అయిపోయేదాకా అలాగే ముక్కముక్కకూ నడిచాడు. మిగిలిన దారంతా మాకు పల్లికాయలే భోజనం.

చెన్నయ్య కొట్టం

పొద్దు వాలుతుండగా చేరాం. చెన్నయ్య అరవై దాటిన మనిషి. రెండు రోజులుగా ఎద్దు కోసం చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి అప్పుడే వచ్చి కూర్చున్నాడు. ఇరుగుపొరుగువాళ్లు చాలా అన్నారట. తిరిగొచ్చేట్టు నేర్పి అమ్మిందన్నారు, ఈపాటికి ఇంకో అంగడి దాటించి ఉంటుందన్నారు. ఆయన భార్య లింగమ్మ ఆ మాటలు దాచకుండా సాయమ్మకే చెప్పింది. చెన్నయ్య మాత్రం ఎద్దును ఒకసారి తడిమి చూసి, సాయమ్మకేసి తిరిగాడు.

“దొరికితె నువ్వు కబురు పంపుతవని తెల్సు బిడ్డా. గింత దూరం నడ్సుకుంట ఒస్తవనుకోలె.”

లింగమ్మ మా కాళ్లకు వేడినీళ్లు తెచ్చింది. నా పాదాల బొబ్బలు చూసి, చదువుకున్నదానివి బస్సెక్కక ఇదేం పని అని కోప్పడింది. ఆ కోపంలో మా మేనత్త వినబడింది నాకు.

కొట్టంలో ఎర్రోడి ముందు చొప్ప వేశారు, కుడితి పెట్టారు. ముట్టలేదు. సాయమ్మ చేత్తో పెడితే తిన్నది. ఆమె నాలుగడుగులు పక్కకు జరిగితే తల ఎత్తేసింది. మునుపు కూడా ఇంతేనట, అందుకే అంత చిక్కిపోయింది. చెన్నయ్య చాలాసేపు చూసి, అక్కడున్న మేమెవరం అనుకోని మాట అన్నాడు. తోలుకుపొమ్మన్నాడు. డబ్బు సంగతి ఎప్పుడన్నా చూసుకుందామని, మూగజీవాన్ని ఏడిపించి వ్యవసాయం చేయలేనని అన్నాడు.

సాయమ్మ ముఖంలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది. నేను చూశాను. తల అడ్డంగా ఊపడానికి ఆమెకు ఎంత కష్టమైందో కూడా చూశాను.

“తోల్కవోయి ఏం పెట్టాలె పెద్దయ్యా. నా కాడ చొప్ప లేదు, నీళ్లు లేవు. నా మీద పావురంతోని అది సచ్చిపోతది. ఈడుంటె బతుకుతది.” ఆ వైపు పావురమంటే ప్రేమ. ఎద్దుకేసి చూసి, “మరుగుతది. నేను నాలుగు దినాలుండి అల్వాటు చేస్త,” అంది.

లింగమ్మ వెంటనే ఒప్పుకుంది. ఇద్దరూ కూర్చుని ఆలోచించుకున్నారు. మొదట సాయమ్మ చేత్తో పెడుతుంటే లింగమ్మ పక్కన నిలబడాలి. తర్వాత ఇద్దరూ కలిసి పెట్టాలి. సాయమ్మ కట్టు చీర లింగమ్మ కట్టుకోవాలి, ఆ వాసనతో ఎద్దు దగ్గరికి రానిస్తుంది. ఆ తర్వాత సాయమ్మ మెల్లగా తప్పుకోవాలి. నేను వింటూ కూర్చున్నాను. రోజూ చేసే పని వల్లే గుణం ఏర్పడుతుందని గ్రీకు తత్వవేత్త చెప్పింది చదివినప్పుడు తల ఊపేదాన్ని. అది ఇలా ఇద్దరు ఆడవాళ్లు గడ్డి పెట్టే పద్ధతిగా మారడం చూడటం వేరు.

నాగర్‌కర్నూల్

మర్నాడు బస్సులోనే వెళ్లాను. లింగమ్మ ఎక్కించిగాని కదలలేదు. బస్టాండులో సైజు సరిపోని ప్లాస్టిక్ చెప్పులు కొనుక్కుని కాలేజీకి చేరాను. ఈసారి గ్రీకు గుర్రం మాట ఎత్తలేదు. ఎర్రోడి కథే చెప్పాను. పేర్లు చెప్పలేదు. గది కదలకుండా విన్నది. చోటు నుంచి అలవాటు, అలవాటు నుంచి శీలం ఎలా పుట్టిందో వాళ్లకు అర్థమవుతోందని నాకు గర్వంగా కూడా ఉంది.

చివర్లో రెండో వరసలో ఒక అమ్మాయి లేచింది. పేరు మరియమ్మ. తల్లిదండ్రులు కూలిపనికి పోతారని ఆ తర్వాత తెలిసింది.

“మేడం, మా ఊరి హోటల్ల మాకు చాయ్ గ్లాసు ఏరే పెడ్తరు,” అంది. “ఎందుకని అడిగితె ఎప్పటి సంది ఉన్న అలవాటంటరు. అలవాటుల నుంచే నీతి పుట్టిందంటె, గదీ నీతేనా?”

గదిలో కొందరు తల దించుకున్నారు. నేను సుద్దముక్క కింద పెట్టి, మళ్లీ తీసుకున్నాను. ప్రశ్న మంచిదని పొగిడి తప్పించుకోవడానికి మనసొప్పలేదు. బోర్డు మీద ఎ, ఏ రాశాను. హ్రస్వం ఊరు మనకు ఇచ్చేది, మనల్ని అడక్కుండా ఇచ్చేది. దీర్ఘం మనం ఎంచుకుని, తెలిసి, మళ్లీ మళ్లీ చేసి సంపాదించుకునేది. గ్రీకులు ఒకదాని నుంచి ఇంకోదాన్ని పుట్టించారు గాని రెండూ ఒకటే అనలేదు. ఎప్పటి నుంచో ఉండటమే మంచి అయితే తత్వశాస్త్రం అక్కర్లేదు, ముసలివాళ్లను అడిగితే సరిపోతుంది. నాకు తోచినంత ఇదే చెప్పాను. ఆ హోటల్లో జరిగేది శీలం కాదు, ఎవరూ తిరిగి చూసుకోని అలవాటు అని కూడా చెప్పాను.

“అయితె మా ఊరికి దీర్ఘం రావాలె,” అంది మరియమ్మ. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. దాన్ని ఎవరు తెస్తారని నేను అడగలేదు, జవాబు ఆమె కళ్లలో ఉంది. ఆ సాయంత్రం అక్కడి గెస్ట్‌హౌస్‌లో కూర్చుని అధ్యాయం మొదటి పేజీ రాశాను. అందులో ఆమె ప్రశ్నను ముందు పెట్టి, గ్రీకును తర్వాత పెట్టాను.

మళ్లీ బిజినేపల్లి

నాగర్‌కర్నూల్‌లో మరో రెండు రోజులు తరగతులు చెప్పి, తిరుగు దారిలో బిజినేపల్లిలో దిగాను. చెన్నయ్య ఇంటికి వెళ్లేసరికి సాయమ్మ గడ్డివామి వెనక నిలబడి, మాట్లాడొద్దని నాకు సైగ చేసింది. తను లింగమ్మ చీర కట్టుకుని ఉంది. కొట్టంలో సాయమ్మ చీరలో లింగమ్మ కుడితి తొట్టి ముందు కూర్చుంది.

ఎర్రోడు ఆమెను వాసన చూశాడు. తల ఎత్తి చుట్టూ చూశాడు. మళ్లీ వాసన చూశాడు. లింగమ్మ సాయమ్మలాగే ఏదో గొణుగుతూ చొప్ప అందించింది. ఎద్దు కాసేపు నిలబడి, అందుకుని, నమలడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు గడ్డివామి దాకా వినబడింది. సాయమ్మ కళ్లు మూసుకుని వింటోంది. చెన్నయ్య పాత ఎద్దు పక్క నుంచి మూతి పెడితే ఎర్రోడు దాన్ని తోసేసి తన వాటా తాను తిన్నాడు. లింగమ్మ వెనక్కి తిరక్కుండానే, వెళ్లమన్నట్టు చేయి ఊపింది.

మేం కొట్టం కనబడని అడ్డదారిన రోడ్డెక్కాం. చెన్నయ్య దూరం నుంచే దండం పెట్టాడు. వనపర్తి బస్సులో ఇద్దరం ఒకే సీటులో కూర్చున్నాం.  సాయమ్మ తనది కాని చీర కొంగును వేలికి చుట్టుకుంటూ కిటికీలోంచి చూస్తోంది.

“తిన్నది గద అక్కా,” అంది చివరికి.

తిన్నదన్నాను. నాలుగు రోజులుగా బెంగగా ఉన్నావు, ఇప్పుడైనా స్థిమితంగా ఉందా అని అడిగాను.

“ఉంది. గాని పొద్దుగాల లేస్తనే నా కాళ్లు కొట్టం దిక్కే పోతయ్. ఇగ ఆటిని గూడ మాన్పించాలె.”